గుమ్మడి బరువుకు ఆగుతుందా

ఆసుపత్రి మెత్తని విభాగం వారికి నమస్కారం.

నాకు దవడ ఆపరేషన్ అయింది. ఆరు వారాలు మెత్తనివే అని డాక్టరుగారు చీటీ రాశారు. సందేహాలుంటే మెత్తని విభాగాన్ని అడగమని కింద ఉంది. గట్టిది ఏదైనా తగులుతుందేమోనన్న భయంతో పన్నెండు రోజులుగా పాలతో నెట్టుకొస్తున్నాను. నాలుగు కిలోలు తగ్గాను. ఇంకో రెండు తగ్గితే మళ్ళీ చేర్చుకుని ముక్కుకు గొట్టం వేస్తారట.

నా సందేహం ఒకటే. మెత్తన అంటే ఎంత మెత్తన?

ఇట్లు,
పెద్దక్క
(ముగ్గురు చెల్లెళ్ళు పిలిచీ పిలిచీ ఇంటా బయటా ఇదే పేరైంది.)

తా.క. తినేముందు దండం పెట్టుకోవడం అలవాటు. గొట్టమైతే ఎప్పుడు పెట్టుకోవాలో తెలియదు.

*

పెద్దక్కగారికి మెత్తల విభాగం నుంచి నమస్కారాలు.

కింది అంతస్తులో, బట్టలుతికే గది పక్కన ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎంత మెత్తన అని అడిగిన మొదటి మనిషి మీరే. అందరూ వాడుకుని వెళ్ళిపోయేవాళ్ళే.

బొటనవేలితో నొక్కండి. గోరు తెల్లబడేలోపు దిగిందా, అది మెత్తన. దిగలేదా, మొహమాటం లేకుండా పక్కన పెట్టేయండి. గింజలు తగిలితే ఏరేయండి. పైతొడుగు విప్పి చూడందే దేన్నీ నమ్మకండి. దవడకు సరైనది లేకపోతే పాలేం చేస్తాయి, నిద్రేం పడుతుంది? మనిషి తగ్గిపోక ఏమవుతాడు?

ఇట్లు,
మెత్తల విభాగం
(ఇక్కడంతా దూదిమామ అంటారు.)

తా.క. ముద్దకడితే వేళ్ళతో విడదీసి ఓ పూట ఎండలో పెట్టండి. తిరగేసి నాలుగు దెబ్బలు వేయండి.

*

దూదిమామగారికి నమస్కారం.

వంటగదిలో ఒక్కటి వదలకుండా నొక్కాను. చాలావాటికి గోరు తెల్లబడింది. ఉడికించిన గుమ్మడి మాత్రం వేలు ఆనించగానే దిగింది. తొడుగు విప్పాను, గింజలు ఏరాను. రెండు పూటలా అదే వాడుతున్నాను. మూడు వందల గ్రాములు పెరిగాను.

ఇట్లు,
పెద్దక్క

తా.క. ముద్దకట్టినదాన్ని ఎండలో పెట్టాను. కాకి ఎత్తుకుపోయింది. నాలుగు దెబ్బలు ఎవరికి వేయాలో రాయండి.

*

పెద్దక్కగారికి,

మీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. గుమ్మడి తప్ప నాకు వేరే ఆలోచన లేదు. దూది ఎరుగుదును, పీచు ఎరుగుదును, ఈకలు ఎరుగుదును. ఉడికించిన గుమ్మడి బరువుకు ఆగుతుందా? తడి పైకి రాదూ? తలకు ఎంత పడుతుంది? ఎన్నాళ్ళు నిలుస్తుంది? మీరు ఒళ్ళు కూడా చేశారంటే కాదనడానికి నేనెవరిని?

కాకి సంగతి వదిలేయండి. గూటికోసం తీసుకుపోయి ఉంటుంది.

ఇట్లు,
మెత్తల విభాగం

తా.క. పైన వేసింది గుడ్డేనా?

*

దూదిమామగారికి,

బరువుకు ఆగింది. మొత్తం కిలో పెరిగాను. తడి ఉండాల్సిందే, పొడిగా ఉంటే నాకు దిగదు. తలకు పూటకో గుప్పెడు చాలు. ఏ రోజుదారోజు చేసుకోవాలి, నిలవ పనికిరాదు.

ఇట్లు,
పెద్దక్క

తా.క. అవును, గుడ్డే. అయితే పైన కాదు, లోపల కలిపాను. మెత్తగా ఉడికించి మెదిపితే ఇంకా బాగుంటుంది. "అక్కా, పాపం ఆయన్ని వదిలెయ్యవే," అంటోంది మా చిన్నచెల్లెలు. ఎందుకంటోందో.

*

అక్కా,

ఇక గారు పెట్టే మొహం నాకు లేదు. నిన్న ఒక పాత తొడుగులో రెండు కిలోల గుమ్మడి, ఆరు గుడ్లు మెదిపి నింపి కుట్టాను. మధ్యాహ్నం దానిమీద తలపెట్టి కళ్ళు మూశాను. చెప్పకూడదుగానీ మొదటి నిమిషం హాయిగానే ఉంది. రెండో నిమిషంలో కుట్టు ఊడింది.

పెద్ద నర్సమ్మ వచ్చేసరికి నా చెవినిండా గుమ్మడి.

"ఏంటిది మామా?"

మీ ఉత్తరాలు చేతిలో పెట్టాను. చదివి, గోడ పట్టుకుని నిలబడి, "ఆవిడ తిండి గురించి అడుగుతుంటే నువ్వు దిండు గురించి చెబుతున్నావా," అంది.

నర్సమ్మ నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. దవడ కోసిన మనిషికి తలగడ వైద్యం చేశాను. నా మాట పట్టుకుని ఏ గట్టిదైనా కొరికి ఉంటే? ఇప్పుడు ఎంత తూగుతున్నారో ఒక్క ముక్క రాయండి. అంతవరకు నాకు ముద్ద దిగదు.

ఇట్లు,
దూదిమామ

తా.క. ఆ నాలుగు దెబ్బలు నాకే వేయండి.

*

తమ్ముడికి ఆశీస్సులు.

మూడు కిలోలు పెరిగాను. ఆరు వారాలూ నిండాయి. గొట్టం మాట ఎవరూ ఎత్తలేదు. ముందు నువ్వు తిను.

నీ మొదటి ఉత్తరంలో బట్టలుతికే గది అని చదివినప్పుడే, నా ఉత్తరం మెత్తలు, అంటే దిండ్లు, కుట్టేచోటికి చేరిందని అర్థమైంది. అసలు విభాగానికీ వెతికి రాశాను. "మెత్తనివి తినవలెను" అని అచ్చుకాగితం ఒకటి వచ్చింది. ఎంత మెత్తనో నువ్వొక్కడివే చెప్పావు. నిజం చెబితే ఉత్తరాలు మానేస్తావని ఊరుకున్నాను. తప్పవుతుందేమోనని ప్రార్థనలో అడిగాను. అక్కడినుంచి జవాబు రాలేదు. నీ ఉత్తరం వచ్చింది.

ఎలా కోలుకున్నారని డాక్టరుగారు అడిగితే బొటనవేలి సంగతి చెప్పాను. ఆయన తన బొటనవేలు బల్లమీద నొక్కి, గోరుకేసి చాలాసేపు చూశారు. ఇకమీద దవడ చీటీలన్నిటిమీదా ఆ పరీక్ష రాయిస్తారట. సందేహాలుంటే అడగమని నీ విభాగం పేరు రాయించారు. సోమవారం నుంచి ఉత్తరాలొస్తాయి. ఓపికగా జవాబియ్యి.

ఇట్లు,
నీ పెద్దక్క

తా.క. నిద్ర మాత్రం ఇప్పటికీ సరిగా పట్టడం లేదు. నిన్న అనుమానమొచ్చి నా తలగడ నొక్కి చూశాను. గోరు తెల్లబడింది, వేలు దిగలేదు. వీలు చూసుకుని ఒకటి పంపు. దూదిదే.