నీటి పురుగులు

15-11-2003

చి. ప్రణతికి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇంట్లో ఉన్నవాళ్ళం ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వు బాపట్ల హాస్టల్లో వేళకి తింటున్నావని, కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. ఫోన్ ఉండగా మళ్ళీ ఉత్తరమేంటి అనుకుంటావేమో. ఫోను హాల్లో మీ నాన్నగారి కుర్చీ పక్కనే ఉంటుంది. నేను నీకు చెప్పవలసినవి ఆ కుర్చీ పక్కన నిలబడి చెప్పేవి కావు. పైగా ఫోన్లో అయితే మధ్యలో "సరేలే అమ్మా" అని నా నోరు మూయిస్తావు.

నేను కోపంగా ఉన్నాను. ఆ మాట ముందే చెప్తున్నాను. కారణం తరవాత రాస్తాను. ముందు నువ్వడిగిన వాటికి జవాబులు రాసేస్తాను, లేకపోతే అమ్మ వల్లే రికార్డు ఆగిపోయిందని అంటావు.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఏ పురుగులు తెలుసు, వాటి వల్ల మనిషికి లాభమేంటి, నష్టమేంటి అని కనుక్కుని రాయమన్నారు కదా మీ మేడమ్‌గారు. రాసుకో. మీ నాయనమ్మ పూజ గదిలోకి నూలు చీరతో అడుగు పెట్టేది కాదు. పట్టుబట్టే మడి అనేది. ఆ పట్టు కోసం పురుగుల్ని గూళ్ళతో సహా ఉడకేస్తారని నువ్వు ఇంటర్ చదివేటప్పుడు చెబితే కొన్నాళ్ళు నీతో మాట్లాడడం మానేసింది గానీ చీర మాత్రం మానలేదు. నా పెళ్ళి గుళ్ళపేరులో బంగారు గుళ్ళన్నీ లోపల లక్కే. ఆ లక్క కూడా చెట్టుకొమ్మకి పట్టిన పురుగు పెట్టేదేనట, కంసాలి ఆచారిగారు మెరుగు పెడుతూ చెప్పారు. అంటే నా మెళ్ళో బంగారం ఎంతుందో పురుగు సొత్తు కూడా అంతుంది. నీ నాలిక మీద పాలకంటే ముందు రాసింది తేనె.

ఆరుద్ర పురుగుల గురించి నీకే తెలుసు. తొలకరికి చేలగట్ల మీద ఎర్రటి మఖమల్ ముక్కల్లా పాకుతుంటే అగ్గిపెట్టెలో గడ్డి వేసి దాచుకునేదానివి. అది పురుగు కాదు, ఎనిమిది కాళ్ళుంటాయి, నల్లి జాతి అని ఇప్పుడు నాకు పాఠం చెప్తున్నావు. సరే, కొట్టెయ్. ఉసిళ్ళు వాన వెలిసిన సాయంత్రం దీపాల మీద పడి అన్నం తిననివ్వవు. లైటు కింద పళ్ళెంలో నీళ్ళు పెడతాం, వాటిలో పడిపోతాయి. ఇంకొకటి. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు దేవుడి గది తలుపు మీద కందిరీగ మట్టిగూడు కట్టింది. ఇంట్లో పురుడు జరగబోతుంటే కందిరీగ గూడు కదపకూడదని మీ నాయనమ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. నువ్వు పుట్టి పారాడేదాకా ఆ తలుపు పూర్తిగా వెయ్యలేదు. అలాంటి ఇల్లు మనది. ఇది కూడా రాసుకో.

ఇక నష్టం సంగతి. అక్కడే నాకు రాయబుద్ధి కావడం లేదు, కానీ రాస్తాను.

నువ్వు దసరాకి వచ్చి వెళ్ళాక మన రొయ్యల చెరువు పక్క చేనుకి సుడిదోమ పట్టింది. పొట్ట మీదున్న వరి, చేను మధ్యలో గుండ్రంగా మాడిపోయింది. నువ్వు దసరాలో ఏం చెప్పావో గుర్తుందా? ఊరికే మందులు కొడితే దోమకంటే ముందు దాన్ని తినే సాలీళ్ళు చస్తాయి, తరవాత దోమ ఇంకా పెరుగుతుంది అన్నావు. "అయితే సాలీళ్ళని కూలికి పెట్టుకోమంటావా" అని మీ నాన్నగారు నవ్వారు. అప్పుడు ఆయన కంచంలో రొయ్యల ఇగురుంది. నువ్వు ఒక రొయ్యని పైకెత్తి, పైన పెంకు చూడండి, కణుపుల కాళ్ళు చూడండి, ఇది కూడా పురుగుల వంశమే, మీరు పెంచేది నీటి పురుగుల్ని నాన్నా అన్నావు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మీ నాన్నగారు మందుల షాపాయన మాట విని రెండు మందులు కలిపి చేనంతా కొట్టించారు. దోమ నిలవకూడదంటే చేను ఆరగట్టాలి కదా, మర్నాడు గట్టు తెగ్గొట్టించి చేలో నీళ్ళు పక్కనున్న బోదెలోకి, అదే ఆ పిల్లకాలవలోకి, వదిలించారు. ఆ వారం మన కాలువకి నీటి వంతు లేదు. చెరువులో నీళ్ళు పాతబడ్డాయి, నీలకంఠ రొయ్య తిండి సరిగ్గా తినడం లేదని, బోదె నీళ్ళే తోడమని గంగయ్యకి చెప్పారు. చెప్పింది వాకిట్లో నిలబడి. నేను వంటింటి కిటికీలోంచి విన్నాను. కాపలా మనిషి ఏం చేస్తాడు, అయ్యగారు చెప్పినట్టు ఇంజను వేశాడు.

తెల్లారేసరికి రొయ్యలు నీళ్ళలోంచి ఎగిరెగిరి గట్టు మీద పడ్డాయి. గంగయ్య చెప్పులు కూడా లేకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. చెరువులో సగం వాటా మీ అమ్మిరాజు బాబాయిది కదా, ఆయనా వచ్చాడు. రావడంతోనే ఎవడో విషం కలిపాడన్నాడు. ఎవడో ఎవడూ అంటే గంగయ్యే దొరికాడు. దీపావళికి పెళ్ళాన్ని పుట్టింటికి తీసుకెళ్తానని సెలవడిగితే బాబాయి ఇవ్వలేదు. "పండక్కయినా మనిషికి ఇల్లుండొద్దాండీ" అన్నాడట గంగయ్య. ఆ మాట ఇప్పుడు పగ అయి కూర్చుంది. చెరువు గట్టు మీద వాడుండే పాకలో వెతికితే పురుగుమందు డబ్బా దొరికింది. ఆ డబ్బా మనదే, ప్రణతీ. ఖాళీ డబ్బాలు పనివాళ్ళకి ఇచ్చెయ్యడం మనింటి వాడుక. గంగయ్య భార్య రామలక్ష్మి కిరసనాయిలుకి కావాలంటే వెనక గుమ్మం దగ్గర నేనే ఇచ్చాను. బాబాయితో చెప్పాను. వదినగారూ, మీరు లోపలికెళ్ళండి అన్నాడు.

గంగయ్యని పోలీసులు తీసుకెళ్ళారు. బాబాయి మనుషులు గట్టు మీది పాక పీకేశారు. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా పీకారు. కందిరీగ గూడు కదపని ఇంటివాళ్ళు పీకించారు. నీ రికార్డులో ఇదెక్కడ రాస్తావో నాకు తెలియదు.

చచ్చిన రొయ్యల్ని పాతిపెట్టడానికి గంపలకెత్తి మన పెరటి వైపే తెచ్చారు. కొన్ని ఇంకా చావలేదు. వెల్లకిలా పడి కాళ్ళన్నీ కొట్టుకుంటున్నాయి. వంటింట్లో నేను మందు కొట్టినప్పుడు బొద్దింక చచ్చేది అచ్చం అలాగే. ఎన్నిసార్లు చీపురుతో ఊడ్చానో, ఆ చావు నాకు తెలియదా? అప్పుడు నువ్వు రొయ్యని పైకెత్తి చెప్పిన మాట గుర్తొచ్చింది. పురుగుని చంపే మందు పురుగుల వంశాన్ని చంపకుండా ఎందుకుంటుంది? చేలో కొట్టారు, బోదెలోకి వదిలారు, బోదెలోంచి చెరువులోకి తోడించారు. దోమని చంపబోయి తన రొయ్యల్ని తనే చంపుకున్నారు.

మధ్యాహ్నం మీ నాన్నగారికి వడ్డిస్తూ చెప్పాను. నా మాట పూర్తి కాకుండానే, చెరువు సంగతులు ఆడవాళ్ళకెందుకు అని కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. ఆ మొహం చూస్తే నేను చెప్పింది కొత్త సంగతిలా లేదు. అప్పుడు నాకు అనుమానం రాలేదు. అలిసిపోయారేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని.

ఆయనే వెళ్ళి చెప్తారని చూశాను. చెప్పలేదు. గంగయ్యని కొట్టారని, కుడిచెయ్యి వాచిపోయిందని రామలక్ష్మి పెరటి గోడ అవతల నిలబడి ఏడ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. ఇక అప్పుడు నేను చేసిన పని ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది, తెలియకపోతే నా నోటితోనే విను. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక నేను బజార్లో నడిచింది లేదు. అద్దాలకి తెరలున్న కార్లో తప్ప గుమ్మం దాటింది లేదు. మొన్న రామలక్ష్మిని వెంటబెట్టుకుని సెంటర్ దాకా నడిచి, ఆటో ఎక్కి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఊరంతా కొట్లలోంచి బయటికొచ్చి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఎస్సైగారు లేచి నిలబడి కుర్చీ వేయించారు, టీ తెప్పిస్తానన్నారు. మీరు ఇంటికెళ్ళండమ్మగారూ, రాజుగారితో నేను మాట్లాడతాను అన్నారు.

"చెరువులో మందు కలిసింది మావారు కొట్టించిన చేలోంచేనండి. మందు కలిపింది మా ఇల్లే. అలాగని రాసుకోండి" అన్నాను.

ఆయన కలం తియ్యలేదు, ఫోన్ తీశారు. మీ నాన్నగారు కారేసుకుని వచ్చారు. దిగకుండానే ఎస్సైగారిని కిటికీ దగ్గరికి పిలిపించుకుని ఏదో మాట్లాడారు. పొద్దుగూకకముందే గంగయ్యని వదిలేశారు. కంప్లయింటు వెనక్కి తీసుకున్నారట. అంతే. ఎందుకు తీసుకున్నారో ఎవరికీ చెప్పలేదు. శ్రీనివాసరాజుగారు దయతలిచి వదిలేశారని ఇప్పుడు ఊళ్ళో అనుకుంటున్నారు. విన్నావా, దయట. చేసిన తప్పుకి మీ నాన్నగారికి మంచిపేరు వచ్చింది, చెయ్యని తప్పు గంగయ్య నెత్తిన అలాగే ఉంది. చుట్టుపక్కల ఏ చెరువు మీదా వాడికి కాపలా పని ఇవ్వడం లేదు. ఇద్దరూ నరసాపురంలో రామలక్ష్మి అన్నగారి పంచన ఉన్నారు.

ఇప్పుడు నీ సంగతికొస్తాను.

తిరిగొచ్చేటప్పుడు, కారు వంతెన దాటాక మీ నాన్నగారు అన్నారు: "నేనొక్కణ్ణే దాచాననుకుంటున్నావేమో. రొయ్యలు చచ్చిన రోజే నీ కూతురికి ఫోన్ చేశాను. చేలో మందు నీళ్ళు కలిశాయా అని మొదట అడిగింది అదే. బాబాయితో గొడవలవుతాయి, ఎవరికీ చెప్పకండి నాన్నా అన్నదీ అదే."

నేను నమ్మలేదు. ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అది గంగయ్యని పట్టుకెళ్ళాక రాసిన ఉత్తరం. ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు వాణ్ణి తీసుకెళ్ళారని నేనే చెప్పాను. కాసేపు నీ గొంతు వినపడలేదు. లైను కట్టయిందనుకుని హలో హలో అన్నాను. తరవాత నువ్వు, పచ్చడి అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపమన్నావు. ఆ తరవాత కూర్చుని ఈ ఉత్తరం రాశావు. పట్టుపురుగు గురించి అడిగావు, తేనెటీగ గురించి అడిగావు, కందిరీగ గురించి కూడా అడిగావు. ఇన్ని పురుగుల క్షేమం కనుక్కున్నదానివి, లాకప్‌లో ఉన్న మనిషి గురించి ఒక్క ముక్క రాయలేదు.

కిందటేడు కాలేజీలో పురుగుల పెట్టె చేసి ఇమ్మన్నారని సెలవల్లో ఎంత హడావిడి పడ్డావు. పగలంతా వల పట్టుకుని తిరిగినా నీకు నాలుగు సీతాకోకచిలుకలు తప్ప దొరకలేదు. చెరువు మీది లైట్ల కింద పడినవి, నీళ్ళలో తేలినవి, తాటిమొద్దులో ఉన్న కొమ్ముపురుగు, అన్నీ గంగయ్యే పట్టి బీడీ అగ్గిపెట్టెల్లో పెట్టి తెచ్చాడు. రెక్కలు నలగకుండా తెమ్మన్నావని ఆ అగ్గిపెట్టెలు తలపాగాలో పెట్టుకుని తెచ్చేవాడు. పెట్టెకి మంచి మార్కులొచ్చాయని నువ్వు ఫోన్ చేస్తే నేనే వాడికి కబురు చెప్పించాను. తన పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాడట.

మీ నాన్నగారి పరువు నిలబెట్టాలనుకున్నావు, బాబాయికీ ఆయనకీ తగువు రాకూడదనుకున్నావు. అది నాకు అర్థం కాక కాదు. ఆ ఒక్క పూట నోరు మూసుకున్నావంటే కూతురివని సరిపెట్టుకునేదాన్ని. గంగయ్యని తీసుకెళ్ళారని తెలిశాక కూడా మూసుకున్నావే, అదే నాకు మింగుడుపడడం లేదు. నీ చదువు చూసి నేనెంత పొంగిపోయానో నీకు తెలుసు. ఇప్పుడు దాన్ని తలుచుకుంటే కడుపు మండిపోతోంది.

నా మాట ఎవరూ లెక్కచేయరు. కోపంలో ఏదో వాగింది అంటున్నారు. మీ బాబాయి నేను మతి చెడి మాట్లాడుతున్నానని బంధువుల్లో చెప్తున్నాడు. నువ్వు చెబితే వింటారు. అందుకని ఈ ఉత్తరం అందిన వెంటనే బస్సెక్కు. బాబాయిని, చెరువుల మీది కాపలావాళ్ళని, అందరినీ బోదె గట్టు మీదికి నేను పిలిపిస్తాను. దసరాలో కంచం ముందు కూర్చుని ఎంత హాయిగా చెప్పావో అంత హాయిగా అక్కడ చెప్పు. మీ నాన్నగారు పక్కన ఉంటారు, నేను తీసుకొస్తాను. తగువైతే కానీ. ఆ పురుగుల పెట్టె కూడా పట్టుకురా, ఎవరు పట్టిచ్చారో అది కూడా చెబుదువుగాని.

నిన్న నరసాపురం వెళ్ళి రామలక్ష్మితో ఈ మాట చెప్పాను. మా అమ్మాయి వచ్చి అందరి ముందు చెప్తుంది, నీ మొగుడి మీద మచ్చ పోతుంది అన్నాను. నీకు ముందే తెలుసన్న సంగతి మాత్రం చెప్పలేకపోయాను. గంగయ్య గుమ్మంలో కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడ వాడి వైపు చూసి, నా వైపు చూసి అంది:

"ఆయ్, పాపగారికి పరీక్షలేమోనండి. మా గురించి సదువు పాడుసేసుకోవద్దని రాయండి అమ్మగారూ."

రాయమంది కాబట్టి రాశాను. నువ్వు మాత్రం బయలుదేరు.

ఇట్లు,
నీ కోసం గుమ్మంలో కాదు, బోదె గట్టు మీద ఎదురుచూసే
మీ అమ్మ,
రామతులసి