దుర్గయ్య రోజూ అడిగిన మాట

మన పల్లె,
1950 నవంబరు 12, ఆదివారం.

ఎస్తేరు బాపుకు,

ప్రభువు పేరట నీకు వందనాలు. నేనూ బిడ్డా ఈడ దేవుని దయతోని పానంతోని ఉన్నం. గంజో గట్కో కడుపుల పడుతున్నది. ఆ గుల్బర్గా జైల్ల నువ్వు సుత మంచిగున్నవని నమ్ముకొని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

నీ చిఠ్ఠీ దసరా ఎల్లినంక నాలుగో దినం టప్పల అందింది. నడుమ మూడు వరుసల మీద జైలోళ్ళు నల్లసిరా పూసిన్రు. ఎండకు పట్టి చూసిన, తిరగేసి చూసిన, ఏం కనపడలే. మిగిలిన వరుసలు మాత్రం ఎన్నిసార్లు చదివిననో లెక్క లేదు.

నువ్వడిగినయి చెప్త. ఎస్తేరుకు జరం మల్ల రాలే. నా నడుము దాక ఎదిగింది. నీ పాత చారల అంగీ కోసి దానికి గౌను కుట్టిన, కోపం చెయ్యకు. అది తొడుక్కొని "మా బాపు అంగీ" అని ఇల్లిల్లు తిరిగి చూపిచ్చింది. నల్లమేక రెండు పిల్లలేసింది, ఒకదాన్ని నక్క ఎత్కపోయింది. తూర్పు దిక్కు కప్పు కారుతున్నదా అని అడిగినవ్. ఇప్పుడు కారుతలేదు. నేనే నిచ్చెనేసుకొని ఎక్కి తాటాకు కప్పిన. నీ లెక్క సాఫుగ రాలే గాని వాన లోపటికి వస్తలేదు. నీ దగ్గు సంగతి నువ్వు రాయలే. రాయకుంటే తగ్గలేదనే అనుకుంట. మిర్యాలు పంపుదామంటే జైలు లోపటికి పోనియ్యరని టప్పాయన చెప్పిండు.

ఇగ ప్రార్థన సంగతి. రాసిన ప్రతి చిఠ్ఠీల అడుగుతవ్. "పొద్దు పొడిచే యాల్లకు నేనీడ గోడ దిక్కు మోకాళ్ళేస్త. ఆడ మన ప్రార్థన ఇంట్ల నువ్వు మోకాళ్ళేసి ఉంటవనుకుంటే ఈ గోడ పల్చగైనట్టు ఉంటది" అని రాసినవ్. ఒక్కదినం తప్పుతలేనని నేను జవాబు రాసిన. మల్ల అడిగినవ్, మల్ల గదే రాసిన.

అది అబద్ధం. నిన్ను పట్టుకపోయిన ఎండకాలం సంది ఎనిమిది నెలలు నేను ఆ తలుపు తీయలే. ఉపదేశి అయ్య మిలిటరీ, దళాల గడబిడలకు భయపడి డోర్నకల్ పోయినంక ఆ ఇంటిని నువ్వే నడిపిచ్చినవ్. నువ్వు సుత పోయినంక మనోళ్ళు ఒక్కొక్కరు రాకుండైన్రు. గుంపుగ కూసుంటే మిలిటరోళ్ళు ఏమనుకుంటరోనని భయం. లోపట ఒక కుక్క పిల్లలు పెట్టింది. పాట పుస్తకానికి చెదలు పట్టింది. నేను ఆ ముంగట్నుంచే కూలికి పోయేది, తల వంచుకొని పోయేది.

ఈ ఏడు మాఘమాసంల, గోడ పల్చగైతదని నువ్వు రాసిన ఆ చిఠ్ఠీ వచ్చింది. మూడు దినాలు నాకు అన్నం సయించలే. లేని మనిషి పక్కన మోకాళ్ళేసుకుంటున్నవ్ కదా నువ్వు. నీకు రాసిన అబద్ధాన్ని నిజం చేద్దామని మొదలుపెట్టిన. భక్తితోని గాదు, సిగ్గుతోని మొదలుపెట్టిన.

మొదటి దినం తలుపు తీసి కుక్కను ఎల్లగొట్టి, ఊడ్చి, వచ్చిన. రెండో దినం సుత ఊడ్చుడే. మోకాళ్ళేస్తే నోరు రాలే. వారం పది దినాలు నా ప్రార్థనంత చీపురు తోనే. అటెన్క ఒక పాట పాడిన. తొలి చరణం గుర్తుకొచ్చింది, రెండోది రాలే, తొలిదే రెండుసార్లు పాడిన. అటెన్క గ్రంథంల రోజుకు ఒక్క వాక్యం ఏలు పెట్టి చదువుడు మొదలైంది. కూలికి పిలిచే లోపల లేవాలె, పొయ్యి ముట్టియ్యాలె, పిల్లను లేపాలె, అండ్ల ఇది. కొన్ని దినాలు నిద్ర ఆగక పోయేది. నాట్లప్పుడైతే పది పన్నెండు దినాలు ఆ దిక్కే పోలే. మల్ల పోయినప్పుడు అంతా కొత్తగ మొదలుపెట్టినట్టే ఉండె. గాని పోయిన.

మన ఏసు నేర్పిన ప్రార్థన ఉన్నది కదా, అండ్ల మా తప్పులు క్షమించమని అడిగే కాడ నేను ఆగేది. ఆ మాట ఇడిసిపెట్టి ముంగటికి పోయేది. ఎందుకో కింద రాస్త.

ఆషాఢంల ఒక పొద్దు నేను పాడుతుంటే గడప కాడ దగ్గు ఇనపడ్డది. తిరిగి చూస్తే సుంకరి దుర్గయ్య. గొంగడి కప్పుకొని, చెప్పులు చేతుల పట్టుకొని నిలవడ్డడు.

"చెల్లె, లోపటికి రావచ్చునా?" అన్నడు.

నేను పాట ఆపిన.

"మీ దేవుడు నాకు ఎరికలేదు. ఊర్ల ఏ అరుగు మీద కూసున్నా లేచిపోతున్నరు. ఈడ ఎవరు లేరు కదా, లేచిపోనీకె. అందుకు వచ్చిన."

"రా అన్నా" అన్న.

ఆయన బతుకు నీకు నేను ఎన్నడు పూర్తిగ రాయలే. నిన్ను కట్టి తోలుకపోయిన దినం, కట్టమ్మ కొడుకు హన్మంత్‌ను వాగు కాడ కాల్చిన దినం, దుర్గయ్య పొద్దుగాల మిలిటరీ క్యాంపుకు కట్టెల మోపు ఏసి వచ్చిండట. సుంకరి పనిల పోలీసు పటేలుకు కబురులు మోసేటోడు, క్యాంపు కాడ కనపడ్డోడు. ఇంకేం కావాలె? మాపటికల్ల ఊరంత ఆయన పేరే. ఎవరు కొట్టలే, ఎవరు తిట్టలే. మాట్లాడుడు బంద్ చేసిన్రు. బాయి కాడ ఆయన పెండ్లాం బొక్కెన ముడితే కడిగి వాడుకున్రు. ఆమె ఓర్వలేక తల్లిగారింటికి పోయింది. మంగలి గడ్డం గీయలే. ఏడాది నుంచి ఆ మనిషి గిట్ల ఒక్కడే వండుకొని తిన్నడు.

ఇగ రోజూ రాబట్టిండు. నాకన్నా ముందే వచ్చి కూసునేది. పాట ఆయనకు ఎన్నడు కుదరలే, నేను ఆపినంక సుత ఒక ముక్క ఎనక నుంచి వచ్చేది. ఎస్తేరు నవ్వితే ఆయన సుత నవ్వేది. నేను దినం తప్పిస్తే "నిన్న రాలేదేంది చెల్లె, ఒక్కణ్ణే కూసొని పోయిన" అనేది. ఆ మాటకు భయపడి తప్పిచ్చుడు మానేసిన. నాకు రోజూ ప్రార్థన అలవాటైంది ఆయన వల్లనే. గది నిజం.

ఒకపారి అడిగిండు. "మనసుల ఉన్నది గట్టిగ చెప్పాలెనా, లోపటనే అనుకోవాలెనా?"

"ఎట్లైన ఇంటడు" అన్న.

ఆయన గట్టిగనే చెప్పేది. రోజూ ఒక్కటే మాట. "దేవా, నేను చెయ్యలేదని నీకు ఎరికే. ఊరికి చెప్పు." గంతే, కండ్లు తెరిసేది. ఎండ రానీ వాన రానీ, గదే మాట. నేను పక్కన మోకాళ్ళ మీద ఉండి ఇనేది.

ఇగ దసరా ఎల్లినంక నీ చిఠ్ఠీ వచ్చింది. అండ్ల నువ్వు రాసినవ్. "దుర్గయ్య మీద నా కోపం పోయింది. ఏడాదిన్నర అడిగితే దేవుడు నా మనసు కడిగిండు. నువ్వు సుత ఆయన్ను క్షమించు సారమ్మా" అని.

ఎస్తేరు బాపూ, జర కూసొని చదువు. నిన్ను పట్టిచ్చింది దుర్గన్న కాదు. నేను.

ఆ దినం పిల్లకు జరం మండిపోతున్నది. పిట్సొచ్చినట్టు కండ్లు తేలేసింది. నువ్వు అడివిల దాగిన హన్మంత్ దళానికి సద్ది పట్టుకొని వాగు అవతలికి పోయినవ్. క్యాంపుల దవాఖాన డేరా ఉన్నదని, గోళీలిస్తరని ఎవరో అంటే బిడ్డను బుజానేసుకొని ఉరికిన. డేరాల ఒకాయన కోస్తా దిక్కు మనిషి. మంచిగనే చూసిండు. పిల్లకు తడిబట్ట ఏసిండు, గోళీ నలగ్గొట్టి నీళ్ళల్ల తాపిండు. దాని తల నిమురుకుంట అడిగిండు. "పాపకి ఇంత జ్వరంగా ఉంటే వాళ్ళ నాన్న ఎక్కడికెళ్ళాడమ్మా? పక్కన ఉండొద్దూ?"

నాకు నీ మీద కోపం ఉండె అప్పుడు. పిల్ల గిట్లుంటే ఇడిసిపెట్టి పోయినవని. ఆ కోపంతోనో, ఆయన మంచిగ అడిగిండనో, "పెద్దవాగు అవతల ఇప్పచెట్ల కాడికి సద్ది ఇయ్య పోయిండు సారు" అన్న. ఎవరికని ఆయన అడగలే. అడిగే పని లేకపాయె. బయటికి పోయి ఎవరితోనో మాట్లాడి మల్ల వచ్చిండు, ఇంక రెండు గోళీలు పొట్లం కట్టి ఇచ్చిండు. నేను ఇల్లు చేరకముందే తుపాకీ సప్పుడు ఇనపడ్డది.

ఎవరు నన్ను కొట్టలే. కొట్టి ఉంటే చెప్పుకోనీకె ఒక మాట ఉండేది.

మాపటికి ఊరు దుర్గన్న పేరు అన్నప్పుడు నేను గడపల్నే కూసున్న. కాదని నోరు తెరవలే. ఆ దినం తెరవలేదు కాబట్టి తెల్లారి ఇంక కష్టమైంది, అటెన్క ఇంక కష్టమైంది. నువ్వు సుత ఆయన్నే అనుకున్నవని మొదటి చిఠ్ఠీల రాసినవ్. దిద్దలే.

చేయని మనిషిని నువ్వు క్షమించినవని చదివినంక నాకు దాచనీకె చోటు లేకుండ పోయింది. తెల్లారి పోయిన. పాట అయింది, వాక్యం అయింది. దుర్గన్న చేతులు జోడిచ్చి "దేవా, నేను చెయ్యలేదని" అని మొదలుపెట్టిండు.

"అన్నా, ఇగ అది అడగకు" అన్న.

"ఏది?"

"ఊరికి చెప్పమని. దేవుడు గాదు, నేను చెప్పాలె. క్యాంపుల చెప్పింది నేను."

ఆయన చేతులు జోడిచ్చినయి జోడిచ్చినట్టే ఉన్నయి.

"నా మాట ఎన్నాళ్ళ సంది ఇంటున్నవ్ చెల్లె?"

"ఆషాఢం సంది."

"రోజూ?"

"రోజూ."

లేచి గొంగడి దులుపుకున్నడు. గడప దాటి నిలవడి, ఎనకకు తిరగకుండనే, "నా పెండ్లాం పోయి ఏడాది దాటింది" అన్నడు. పోయిండు. మల్ల రాలే.

అటే కట్టమ్మ ఇంటికి పోయిన. పొద్దు ఎక్కితే నాకు ధైర్యం దిగిపోతదని ఎరుక. ఆమె వాకిట్ల జొన్నలు చెరుగుతున్నది. నిలవడి మొత్తం చెప్పిన. చాట ఆగలే. నేను అయిపోగొట్టినంక తల ఎత్తింది.

"ఆ గోళీలతోని పిల్లకు జరం తగ్గిందా?" అన్నది.

"తగ్గింది అవ్వా."

"మంచిగైంది" అన్నది. మల్ల చెరుగుడు మొదలుపెట్టింది. ఇంకో మాట వస్తదని నిలవడ్డ. "పో" అన్నది.

నేను ఎల్లినంక ఆమె చాట పక్కన పెట్టి నడివాడల్నుంచి దుర్గన్న ఇంటికి పోయిందట. ఆయన అరుగు మీద కూసొని, అందరు చూస్తుండంగ, "తాగనీకె నీళ్ళియ్యి బిడ్డా" అని అడిగి తాగిందట. దాంతోని ఊరికి తెలిసింది. మొన్న దీపావళికి ఆయన పెండ్లాం తిరిగి వచ్చింది. ఇప్పుడు ఆయన అరుగు నిండ మనుషులే. నన్ను చూస్తే ఆయన తల తిప్పుకుంటడు. తప్పు పట్టలేను.

ఇగ నా సంగతి నువ్వే అనుకో. కోతలకు ఊర్ల ఎవరు పిలుస్తలేరు. గార్ల దిక్కు నడిచిపోయి కోస్తున్న. బాయి కాడ నేను పోతే అక్కలందరు బొక్కెన ఆడనే పెట్టి పక్కకు జరుగుతరు. రోజంత నా తోని మాట్లాడేది బిడ్డ ఒక్కతే. రోజూ మాట్లాడే ఇంకో మనిషి ఉంటుండె పొద్దుగాల, ఆ మనిషిని నేనే పోగొట్టుకున్న.

గాని పొద్దుగాల లేస్తున్న. ఇప్పుడు ఎవరికి అబద్ధం నిజం చెయ్యనీకె గాదు. లేవకుంటే రోజు మొదలైనట్టే ఉంటలేదు. ఉత్త ఇంట్ల నా గొంతు నాకే తిరిగి ఇనపడుతది. క్షమించమని అడిగే కాడ ఇప్పుడు ఆగుతలేను. చెప్పి, చెప్పినంక ఏడుస్త. ఏమన్న తేలికైందా అంటే, కాలే. అడుగుతున్న, గంతే.

మొన్న బేస్తారం నాకు ఒళ్ళు నొప్పులతోని జరం వచ్చి లేవలే. పొద్దెక్కినంక ఎస్తేరు మేకకు ఆకు తేపోతే కట్టమ్మ తన గడపల్నుంచి పిలిచి అడిగిందట, "మీ అవ్వ ఇయ్యాల పాడలేదేంది?" అని. జరమని ఇది చెప్పిందట. ఆమె ఇంకేమనలే, లోపటికి పోయిందట. గా ఒక్క మాట పట్టుకొని నేను శుక్రారం లేచిన.

వచ్చే నెల ములాఖాత్‌కు నీ తమ్ముడు వస్తనంటున్నడు. ఆయన నోట ఇనేకన్నా ముందు నా చేతిరాతల నువ్వు చదవాలెనని రాసిన. కడిగిచ్చుకున్న కోపం మల్ల వస్తే రానియ్యి, నా మీదికే రానియ్యి. దుర్గన్నకు ఒక చిఠ్ఠీ రాయి, నీ మాట ఆయనకు బాకీ ఉన్నది. నాకు రాయబుద్ధి కాకుంటే ఉత్త కాయిదం మీద బిడ్డ పేరు రాసి టప్పల ఎయ్యి. అది నీ చేతిరాత అని గుర్తుపడత. నువ్వు పానంతోని ఉన్నవని తెలిస్తే సాలు, మిగిలింది ఎన్నాళ్ళకైన ఎదురుచూస్త.

ఇట్లు,
నీ ఇంటిదాన్నని రాసుకునే ధైర్యం సాలక,
నీ బిడ్డ తల్లి
సారమ్మ