గంగ మూడు

గోదావరిఖని,
బుధవారం.

శ్రావణ్యా,

ఎలా ఉన్నావు? ఇక్కడ అందరం క్షేమమని మొదటి వాక్యంలోనే రాసేయడం అలవాటు. ఈసారి ఆ వాక్యం అంత తేలిగ్గా రావడం లేదు. అత్తయ్య బాగుంది. మంథనిలో అమ్మ బాగుంది, నాన్న తద్దినం పోయిన నెల సక్రమంగా జరిగింది. మామ సంగతి కింద రాస్తాను. పోలీసు అకాడమీలో మీకు ఫోను వారానికి పది నిమిషాలే ఇస్తారు కదా, ఇది పది నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే ఉత్తరం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. వంటింటి కుళాయి బాగు చేయించాను. నీ స్కూటీని వారానికోసారి స్టార్ట్ చేస్తున్నాను. వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను గానీ కోపంతో తింటున్నాను. జిమ్ముకు పోయి వచ్చిన ప్రతి రోజూ తల వేడెక్కి ఉంటుంది.

మీ ఉస్తాదు ఒక్క మాట అరిస్తే నాలుగు వందల మంది ఒకేసారి ఒకే తీరుగా వంగుతారని రాశావు. నిజంగా కుళ్లుకున్నాను. మా జిమ్ములో ట్రైనర్లం ముగ్గురమే, ఒక్కో కసరత్తుకు పేర్లు మాత్రం మూడేసి. కూర్చుని లేచేదాన్ని నేను స్క్వాట్ అంటాను. తాలీంలో కుస్తీ నేర్చుకుని వచ్చిన ముత్యం అన్న బైఠక్ అంటాడు. ఫోన్లో వీడియోలు చూసి ట్రైనరైన రాయమల్లు నెలకో పేరు పెడతాడు, ఈ నెల దాని పేరు పవర్ సిట్. వచ్చే నెల ఏమవుతుందో వాడికే తెలియదు.

ఇంకో ఊళ్లో అయితే ఎవరి మనిషి వాళ్ల దగ్గరే ఉంటాడు, ఎలాగో నడిచిపోతుంది. మన దగ్గర బొగ్గు గనుల్లో వారం వారం షిఫ్టు మారుతుందాయె. ఫస్టు షిఫ్టు వారం సాయంత్రం వచ్చి ముత్యం అన్న చేతిలో పడ్డవాడు, సెకండు షిఫ్టు వారం పొద్దున్నే వచ్చి నా చేతిలో పడతాడు. నేనొక పేరు చెబితే బిక్కమొహం వేసుకుని నిలబడతాడు. చేసి చూపిస్తే, "గిదా! గిది నెల సంది చేస్తున్న గదా సారూ" అంటాడు. ఇలా రోజుకు పదిమంది. కంపెనీలో స్వీపరుగా చేసి రిటైరైన కనకవ్వ మోకాళ్ల నొప్పులకని వస్తుంది. ఒకరోజు ఆమె ముందే ముగ్గురం వాదించుకున్నాం. ఆమె చేతిలోని డంబెల్ కింద పెట్టి, "ఆపుండ్రి బిడ్డా! మీరు మూడు పేర్లు చెప్తున్రు, నాకున్నయి రెండే మోకాళ్లు. ఏ పేరుకు వంచాలె?" అంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బొమ్మలతో సహా గోడకు చార్టు పెడదాం, ఒక్కోదానికి ఒక్కటే పేరు పెట్టుకుందాం అని ఓనరు బిక్షం అన్నతో నాలుగుసార్లు చెప్పాను. "చార్టులు గీర్టులు ఇస్కూల్ల పెట్టుకుంటరు తమ్మీ. చెమట వచ్చిందా లేదా, గంతే" అన్నాడు.

ఇంతవరకు చదివితే తప్పంతా వాళ్లదే అనిపిస్తుంది. అలా అనిపించేలా రాశాను కనుక. ఇక అసలు సంగతి రాస్తాను, కోప్పడినా చివరిదాకా చదువు.

షిఫ్టు మారినప్పుడల్లా నా మనుషులు ముత్యం అన్నకు అలవాటు పడి అక్కడే ఉండిపోతున్నారు. అది చూసి ఓర్వలేకపోయాను. ఆరునెలల కింద నా వాళ్ల కసరత్తుల కార్డుల మీద నా సొంత పేర్లు రాయడం మొదలుపెట్టాను. గంగ ఒకటి, గంగ రెండు, గంగ మూడు. గోదావరిని మనం గంగ అనే అంటాం కదా, వినడానికి గొప్పగా ఉంటుంది. అవేమిటో నాకు తప్ప ఎవరికీ తెలియదు కనుక నేను లేనప్పుడు కార్డు చూసి ఎవరూ చేయించలేరు, నాకోసమే ఆగుతారు. చార్టు పెడదామని బిక్షం అన్నతో కొట్లాడింది కూడా ఆ రోజుల్లోనే.

మామ నడుము పట్టేస్తోందని డాక్టరు తేలికపాటి వ్యాయామం చెప్పాడని నీకు తెలుసు. తద్దినానికి మంథని వెళ్లే ముందు జిమ్ములో మామ కార్డు మీద కొత్తగా గంగ మూడు అని రాశాను. బస్సు తొందరలో చేసి చూపించలేదు. మామ సంగతి తెలుసు కదా, కాగితం మీద ఉన్నది చేయకుండా వదలడు. మర్నాడు ముత్యం అన్న దగ్గరికి పోయి, "అల్లుడు రాసిండు, జెర చూపియ్యి" అని అడిగాడట. ముత్యం అన్న నాకు ఫోన్ చేశాడు. అప్పుడు విస్తరి ముందు కూర్చున్నాను. ఎందుకు చేస్తున్నాడో నాకు వెంటనే తట్టింది. కట్ చేశాను. మళ్లీ చేశాడు, మళ్లీ కట్ చేశాను. తద్దినం భోజనమని కాదు శ్రావణ్యా, చెప్పడం ఇష్టం లేక.

నడుముకు సంబంధించిందే అయి ఉంటుందనుకుని ముత్యం అన్న మామ చేతికి ఇనుప రాడ్ ఇచ్చి వంచి లేపించాడు. మూడోసారి లేపేటప్పుడు మామ అక్కడే కూలబడ్డాడు. డిస్కు జరిగిందన్నారు. మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. అంతదూరం బస్సులో కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు, అంటే నీ పాసింగ్ ఔట్ పరేడుకు మామ రాలేడు. "పరేడ్ అయ్యేదాక పోరికి చెప్పకు, ఆగమైతది" అని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇవాళ తప్పుతున్నాను. నీ తండ్రి కోసం కుర్చీల్లో వెతుకుతూ నువ్వు మార్చింగ్ చేయడం నాకిష్టం లేదు.

ఇంకొకటి ఉంది. పెద్దాయనను పడగొట్టాడని బిక్షం అన్న అందరి ముందు ముత్యం అన్నను తీసేశాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు. పదమూడేళ్లు కసరత్తు నేర్పిన మనిషి ఇప్పుడు బొగ్గు లారీలకు టార్పాలిన్లు కట్టే పనికి పోతున్నాడు.

నిన్న బిక్షం అన్నకు అంతా చెప్పాను. "ఇన్నొద్దులు ఏం చేసినవ్ తమ్మీ? వస్తడో రాడో నువ్వే పోయి అడుగు" అన్నాడు. పోయాను. ముత్యం అన్న అప్పుడే పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"రెండుసార్లు ఫోన్ చేసిన. ఎందుకు ఎత్తలే?" అన్నాడు.

"నువ్వు నేర్చుకుంటవని" అన్నాను. అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు.

ముత్యం అన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఇప్పుడన్న చెప్పు. గంగ మూడు అంటే ఏంది?" అని అడిగాడు.

వాళ్లింటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మెల్లగా నడుము పైకెత్తి చూపించాను. ముత్యం అన్న నిలబడి చూశాడు.

"గింతేనా తమ్మీ?" అన్నాడు. "ఇది నాకు ఎరికే గదా."

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని
నీ బావ,
ఋషికేశ్