మూడు ఫేజులూ వచ్చిన రోజు

నాయనా,

నువ్వు పోయి ఏడాది దాటాక, నువ్వు అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయిన లైను ఈ రోజు మన వెల్డింగ్ షెడ్డుకి వచ్చింది. పొలం మోటార్లకి ఇచ్చే కొద్ది గంటల మూడు ఫేజుల కరెంటు కోసం ఇక కాచుకోనక్కర్లేదు. లైన్‌మ్యాన్ లావుపాటి కేబుల్ బిగించి, "ఇంక పగలంతా చేసుకోమ్మా, యాడా ఆగదు" అని బాగేపల్లికి వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం కుదురు లేదు. ఊరికే నాలుగుసార్లు మెయిన్ స్విచ్ వేసి చూశాను. తర్వాత ఒక గేటు అతికాను. మునుపటిలా ఇంట్లో బల్బు మినుక్కుమనలేదు. అయినా ఎవరో తరుముతున్నట్టు రాడ్డు గబగబా లాగాను, అతుకు వంకరపోయింది. నువ్వుంటే తిట్టేవాడివి. ఆ తొందర నేర్పింది నువ్వే కదా!

మధ్యాహ్నం సంగటి రెండో ముద్ద నోట్లో పెట్టుకోగానే పక్క పొలంలో బోరు మోటారు మోగింది. మూడు ఫేజులు వచ్చాయని ఇన్నేళ్ళూ మనకి చెప్పింది ఆ మోతే. అది వినగానే నువ్వు తింటున్న పళ్ళెం వదిలేసి వెళ్ళేవాడివి. నేనూ ఎంగిలి చేత్తో లేచి పరుగెత్తాను. షెడ్డు దాకా వెళ్ళాక గాని గుర్తు రాలేదు.

అమ్మ లోపలినుంచి అరిచింది. "యాడికి పోతాండావు? కరెంటు ఇంక ఎప్పుడూ ఉంటాది కదమ్మా, వచ్చి తిను."

తిరిగి వచ్చి చూశాను. నువ్వు వదిలి వెళ్ళిన పళ్ళెం మీద అప్పట్లో రోజూ బోర్లించిన గిన్నెని అమ్మ అప్పటికే నా పళ్ళెం మీద బోర్లించేసింది.