చుట్టాల చెరుకు

నిజామాబాద్,
జనవరి, ఆదివారం

ప్రియమైన ఆశక్కా,

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే ప్రభు బావ స్పీకర్ పెడతాడు, సాయంత్రానికి నా సంగతి చర్చి మెట్ల దాకా వెళ్తుంది. అందుకే ఉత్తరం. చదివి పొయ్యిలో పెట్టెయ్.

మా యూనివర్సిటీ పరిశోధనా కేంద్రంలో ఇప్పుడు మేమంతా ఒకే కుటుంబమట. మా డైరెక్టర్ లక్ష్మీరాజం గారు మైకు దొరికితే చాలు అదే చెప్తారు. కింది అంతస్తులో బురద కాళ్ళతో మేము, మొక్కల రోగాలు చూసేవాళ్ళం. పై అంతస్తులో ఏసీలో వాళ్ళు, కంప్యూటర్‌లో లెక్కల మోడళ్ళు కట్టేవాళ్ళు. బోధన్ చుట్టూ చెరుకుకు ఎర్రకుళ్ళు తెగులు ఎలా పాకుతోందో మేమూ వాళ్ళూ కలిసి తేల్చాలి. కలవడమంటే నెలకోసారి ఒకే బల్ల దగ్గర సమోసాలు తినడం.

పై అంతస్తు వాళ్ళకు పెద్ద నరేష్. పొలాన్ని ఆయన పొలం అనడు, నోడ్ అంటాడు. వచ్చిన కొత్తలో "చెరుకు విత్తనాలు ఎంత సైజుంటాయి మేడమ్?" అని అడిగాడు. చెరుకు గడనే ముక్కలుగా నరికి పాతుతారని, వాటిని ముచ్చెలంటారని, వాటి కణుపుల దగ్గరి కళ్ళ నుంచే మొలుస్తుందని చెప్తే దేవరహస్యం విన్నట్టు రాసుకున్నాడు. ఇలాంటి మనిషి మన చెరుక్కి జాతకం చెప్తాడట.

చెప్పాడు కూడా. మ్యాపులో నిజాంసాగర్ కాలువ పొడవునా ఎర్రగీత గీసి, నీళ్ళే తెగులును మోస్తున్నాయన్నాడు. కాలువ పక్క చెరుకంతా పీకించాలట. అందులో మీ మడి మొదటిది. మరి కాలువే లేని కందకుర్తి దగ్గర, మన విజయ్ పాల్ మామయ్య పొలంలో తెగులు ఎలా వచ్చిందయ్యా అంటే, "అది ఒక్కటే వేరేగా ఉంది మేడమ్, లెక్కలోంచి తీసేశాం" అన్నాడు. మామయ్యనే తీసేశాడక్కా! ఇక ఈ పరిశోధన మీద రాసిన పేపర్లో నా పేరెక్కడుందో తెలుసా? చిట్టచివర, నమూనాలు తెచ్చి ఇచ్చినవాళ్ళలో, జీపు డ్రైవర్ పేరు పక్కన. డ్రైవర్ మీద నాకేం కోపం లేదు. కానీ ఆకుల కోతకు గీరుకుపోయిన చేతులు నావి. ఆ రోజు బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు.

నిర్ణయించుకున్నాను. ఆ పేపర్ మీద సంతకం చేయను. బోధన్‌లో రైతుల మీటింగు పెడుతున్నారు, అక్కడే లేచి ఈ మ్యాపు తప్పని చెప్తాను. నువ్వు ఒక్క గడ కూడా పీకొద్దు. మీ చెరుకు బంగారం. ఎవరడిగినా నా పేరు చెప్పు.

నీ చెల్లి,
సువర్ణ

నిజామాబాద్,
ఫిబ్రవరి

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

మీటింగుకు ముందు నరేష్‌ను కందకుర్తికి లాక్కెళ్ళాను. నిజం చెప్పాలంటే అవమానించడానికే. తెల్లబూట్లు వేసుకొచ్చాడు. చెరుకులో నాలుగడుగులు వేయగానే మెడంతా గీతలు పడ్డాయి. నాకు కడుపు నిండిపోయింది. మామయ్య ఒక గడ నిలువునా చీల్చి చూపించాడు. లోపలంతా ఎరుపు, మధ్యలో తెల్లమచ్చలు, పులిసిన కల్లు వాసన. నరేష్ ముక్కు మూసుకున్నాడు. మూసుకునే అడిగాడు, "ఈ ముచ్చెలు ఎక్కడివండీ?"

నా ఒళ్ళు మండింది. మన దగ్గర అలా అడుగుతారా? చుట్టాల ఇంట్లో చెరుకుండగా విత్తనం బయట కొంటే ఆ ఇంటితో మాటల్లేవని ఊరికి చెప్పుకున్నట్టే. ఇచ్చింది ఎవరని అడిగితే, ఇచ్చిన చేతిని అనుమానించినట్టే. తెగులు ముచ్చెల్లో ప్రయాణం చేస్తుందని పిల్లలకు పాఠం చెప్పే నేను, ఇన్నేళ్ళలో ఒక్క రైతునూ ఆ మాట అడగలేదు. ఎలా అడుగుతాను, అందరూ మనవాళ్ళే.

మామయ్య మాత్రం మీసం దువ్వాడు. "ఇంకెక్కడియి సారూ? మా ఆశ ఇచ్చింది. పెండ్లిల చీర వెట్టినట్టు బండి నింపి పంపింది."

నరేష్ నన్ను చూడకుండా, "ఆశ గారు ఇంకెవరికి ఇచ్చారు?" అన్నాడు. పేర్లన్నీ నేనే చెప్పాను. చెప్పిన ప్రతి ఇల్లూ ఆయన మ్యాపులో ఎర్రగానే ఉంది. కాలువ పాపం ఏమీ చేయలేదక్కా. మన చుట్టాలు కాలువ పక్కన ఉన్నారు, అంతే.

ఆయన మీద చులకన ఇంకా పోలేదు. మ్యాపు తప్పని నేనన్నది నిజమే. కానీ ఎక్కడ తప్పిందో తేలింది తెల్లబూట్లవాడి ప్రశ్నతోనని ఒప్పుకోవడానికి ప్రాణం పోతోంది. లక్ష్మీరాజం గారికి చెప్తే, పోస్టర్లు అచ్చయ్యాయి కాబట్టి కాలువనే ఉంచుదామన్నారు. ఆయన ముందు నరేష్ పెద్దమనిషిలా కనిపించాడు. కుదరదని మేమిద్దరం ఒకేసారి అన్నాం. ఈ కేంద్రంలో మేము కలిసి చేసిన మొదటి పని అదే.

మీ మడి మధ్యకు వెళ్ళి నువ్వే ఒక గడ చీల్చి చూడు. ఎర్రగా ఉంటే అంతా పీకి కాల్చెయ్యండి. ముచ్చెలు ఎవరికీ ఇవ్వకు. వద్దన్న నోటితోనే పీకమంటున్నాను. తిట్టుకో.

నీ
సువర్ణ

సువర్ణా,

నీ ఉత్తరాలు పొయ్యిల పెట్టలే. రెండూ మీ బావకు సదివి వినిపిచ్చిన.

గడ చీరినం. ఎర్రగనే ఉన్నది. పీకి కాలవెట్టినం. రెండు దినాలు పొగ పోలే. మీ బావ అన్నం ముట్టలే.

గింత సదివినవ్, మా మడి కాడికి వచ్చేసరికి మా చెరుకు బంగారమైపాయె నీకు. గడ చీరి సూసినవా? గా పిలగానికి నేనేమైత? ఏమీ గాను. గందుకే అడిగిండు. నువ్వేమో ఆయన బూట్లు సూసుకుంట నవ్వినవ్.

ముచ్చెలిచ్చిన ఇండ్లన్నీ తిరుగుతున్నం. పెట్టినదాన్ని పీకుమని చెప్పుడు ఎట్లుంటదో నీకెర్క లేదు. విజయ్ పాల్ మామ తలుపు దీసి, మాట ఇని, మళ్ల ఏసుకున్నడు.

ఒక్క ఇంటికి మాత్రం పోలే. నీ మొదటి ఉత్తరం వచ్చినంక, మా సువర్ణ బంగారమన్నదని మురుసుకుంట, పోయిన నెల ఇంకో బండి ముచ్చెలు పంపిన. నీ మొగని తల్లి, మీ అత్త నర్సవ్వకు. కొత్తగ చెరుకు పెడ్తున్నదని. పెట్టింది, మొలిసింది. సూడవోతే పచ్చగ నవ్వుతున్నదట.

ఆ గడప నేను తొక్క. నువ్వే వోయి చెప్పు. నరేషును తోల్కపో, అడుగుడు ఆయనకన్న వచ్చు.

మీ అక్క,
ఆశ