బావను లేపిన స్ప్రింగు

మిర్యాలగూడ,
2009 జనవరి

అక్కా,

నువ్వు తిట్టి ఫోన్ పెట్టేశావు, అందుకే రాస్తున్నాను.

కూర్చుంటే లేవలేని ఐలయ్య బావ మోకాళ్లకు స్ప్రింగు పట్టీలు చేసిచ్చింది నేనే. కులపోళ్ల మీటింగులో పెద్దమనిషి "పెద్దగట్టు జాతరకు పొట్టేలు ఇచ్చెటోళ్లు లేసి నిలబడుర్రి" అన్నాడట. బావ లేచాడు, నువ్వు సాదుకున్న పొట్టేలు పోయింది. ఇంటికొచ్చి "నేను లేవలే, నీ తమ్ముని స్ప్రింగే లేపింది" అన్నాడట. ఇంత గొప్పది కనిపెట్టానా అని ముందు నేనూ కాలరెగరేశాను.

కానీ నా పరువు నేనే తీసుకుని చెబుతున్నాను. ఆ స్ప్రింగుకు అంత బలం లేదక్కా. కుర్చీలోంచి నన్నే పూర్తిగా లేపలేకపోయింది. అది మనిషిని సగమే లేపుతుంది. మిగతా సగం బావే లేచాడు.

నీ తమ్ముడు