తీసినవి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అక్కడ నువ్వూ, నీ ఓడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం ఇలా మొదలుపెట్టాలని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను కానీ, మొదటి మాట అబద్ధం. ఇంజను గదిలో నిలబడి చదవకు. ఎక్కడైనా కూర్చుని చదువు.

నేను కుట్టి పంపిన మోకాలి పట్టీ బిగుతుగా ఉందన్నావు. కొలత పంపింది నువ్వే, కుట్టుపనిని ఆడిపోసుకోకు. ముందుగది ఖాళీ అయిందా, రెండో మిషను పట్టిందా అని అడిగావు. పట్టింది. కుంటి కుర్చీలు, చిల్లు బకెట్లు, అమ్మ డబ్బానిండా దాచిన సీసా మూతలు, నువ్వు "వచ్చాక బాగుచేస్తా" అని పదేళ్ళుగా అంటున్న సైకిలు, అన్నీ వదిలించుకున్నాను. గది అద్దంలా ఉంది. దాంట్లో కూర్చుని ఒక్క జాకెట్టు కూడా సరిగ్గా కుట్టలేకపోతున్నాను.

ఈసారి చెరువుకి నీటికాకులు వచ్చాయా, నాన్న ఎన్ని లెక్కపెట్టాడు అని కూడా అడిగావు. వచ్చాయని చెరువు కాపలాదారు చెప్పాడు. నాన్న అటువైపు వెళ్ళి నెల దాటింది. బైనాక్యులర్ మేకుకి వేలాడుతోంది. బూట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయి.

రోజూ పొద్దున్నే లేచి వంటింట్లోకి వస్తాడు. "మీ అమ్మ ఏదే?" అంటాడు. అమ్మ పోయి రెండేళ్ళయింది నాన్నా అని చెప్తాను. "పొద్దున్నే ఏం పరాచికాలు?" అని కసురుకుంటాడు. కొన్ని రోజులు మాత్రం నమ్ముతాడు. నమ్మిన రోజు ఇంకా ఘోరం. అప్పుడే తెలిసినట్టు గోడ పట్టుకుని కిందికి జారిపోతాడు. మర్నాడు మళ్ళీ "మీ అమ్మ ఏదే?" నిన్నయితే వానలో బస్టాపులో కూర్చున్నాడు. అమ్మ వచ్చే బస్సు కోసమట. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుంటే, "ఆవిడకి గొడుగు లేదు కదా" అన్నాడు. ఆయన చేతిలో గొడుగుంది. మడిచే ఉంది.

మతిమరుపు కొత్తది కాదు కదా, ఇన్నాళ్ళూ ఎలా నెగ్గుకొచ్చాడు అని నీకు అనుమానం రావచ్చు. చెరువు దగ్గర చూసిన పిట్టల లెక్క రోజూ రాసుకునే పుస్తకాల వల్ల. పొద్దున్న లేవగానే వాటిని ముందేసుకునేవాడు. నిన్నటి పేజీ ఒకటి చదివేవాడు. తర్వాత ఎర్ర రిబ్బను పెట్టిన పేజీ తీసేవాడు. "ఈరోజు చెరువుకి వెళ్ళలేదు. తెల్లవారుజామున ఆమె పోయింది. కిటికీలో రెండు గోరింకలు." ఇంతే రాసుంది అక్కడ. అది చదివి కాసేపు అలాగే కూర్చుని, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయేవాడు. ఎవరి మాటా నమ్మని మనిషి తన రాతని మాత్రం నమ్మేవాడు.

ఆ పుస్తకాలకి చెదలు పట్టిందని కిందటి ఉత్తరంలో రాశాను. చెదలు పట్టలేదురా. నేనే పారేశాను.

గది సర్దే వారం నాన్న కూడా ఉత్సాహంగా చెయ్యేశాడు. అట్టపెట్టెల మీద చీటీలు అంటించాడు. "బట్టలు", "బల్బులు", ఇలా. ఒక పెట్టె మీద "తీసినవి" అని ఉంది. తీసేసినవి అనుకున్నాను. తాళ్ళు కట్టి ఉన్న పెట్టె, విప్పి చూడబుద్ధి కాలేదు, పాత కాగితాలవాడి బండిలోకి నేనే ఎత్తాను. ఆయన ఉద్దేశం తీసిపెట్టినవి అని. చీటీలో చోటు చాలక మధ్యలో మాట మింగేశాడు. ముప్ఫై ఏళ్ళు అచ్చాఫీసులో ఊరందరి తప్పులూ దిద్దిన మనిషి! మర్నాడు పిట్టల పుస్తకాలు ఎక్కడా కనబడక, సంగతి అర్థమై పరిగెత్తాను. పెట్టె అప్పటికే కాగితం మిల్లుకి వెళ్ళిపోయింది. అక్కడ గేటు దగ్గర ఏడ్చాను కూడా. గుమాస్తా నీళ్ళిచ్చాడు, అంతకన్నా ఏం చెయ్యగలడు.

ఇంతవరకూ పొరపాటు. దీని తర్వాత చేసింది పొరపాటు కాదు. నీకు రాయడానికి నెల పట్టింది.

నాన్న వచ్చి, "నా పెట్టె ఏదమ్మడూ?" అన్నాడు. "నువ్వే ఇచ్చేశావు కదా నాన్నా, మర్చిపోయావా?" అనేశాను. ఆయన తన చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "నేనా?" అన్నాడు. ఒక్కసారే అడిగాడు. అప్పట్నుంచి దేన్నీ ముట్టుకోడు. గ్లాసు కావాలన్నా నన్నే పిలుస్తాడు. చెరువుకి రమ్మంటే, "వద్దులే, ఇంకేం పారేసుకుంటానో" అంటాడు. మతి పోయినా తన మీద తనకి నమ్మకం ఉండేది, దాన్ని నేను ఊడబెరికానురా. ఆ పాపం నాదే.

దిక్కుతోచక ఒక కొత్త పుస్తకం కొని చేతిలో పెట్టాను. మొదటి పేజీలో ఏం రాసుకున్నాడో తెలుసా? "పుస్తకాలు పారేసింది నేనే. ఈ సంగతి అమ్మాయి దగ్గర ఎత్తకూడదు. వెతికి వెతికి అలిసిపోతోంది." రోజూ పొద్దున్నే అదే చదువుతున్నాడు. చదివి, నన్ను చూసి, తలొంచుకుంటున్నాడు.

మొన్న తట్టుకోలేక దాని కింద నేను రాశాను: "కాదు నాన్నా, పారేసింది నేను. అమ్మాయి." పొద్దున్న కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. చాలాసేపు చదివాడు. ఆ తర్వాత ఎర్ర పెన్సిలు తీసుకుని, నా వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. పక్కన మార్జిన్లో పొందికగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా రాశాడు: "ఇది నా రాత కాదు. తీసెయ్యాలి."

అమ్మ పోయినప్పుడు నువ్వు నడిసముద్రంలో ఉన్నావు. నాన్న నీకు నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. దాన్ని నువ్వు ఓడలో నీ పెట్టె అడుగున దాచుకున్నావని నాకు తెలుసు. అమ్మ లేదని ఆయన చేతిరాతలో ఉన్నది ఈ లోకంలో ఇప్పుడు ఆ ఒక్క కాగితమే. అది కావాలి. పోస్టులో పంపకు. పోస్టు మీద నమ్మకం లేక కాదు, నా మీద నాకు లేక. నువ్వే పట్టుకుని రా. వచ్చి, పుస్తకాలు పారేసింది అక్కేనని నాన్నతో చెప్పు. నువ్వు చెప్పింది ఆయన చేతే రాయించు. తన చేత్తో రాసుకుంటే నమ్ముతాడు.

అది చదివాక ఆయన నా మొహం చూడకపోయినా సరే. తలెత్తి చెరువుకి వెళ్తే చాలు.

ఇట్లు,
నాన్న పుస్తకంలో ఇంకా ఏ తప్పూ చెయ్యని
నీ అక్క